ఒకే సుడి, ఇద్దరు కోడళ్లు

పోయిన వారం మన పెద్దకోడల్ని పుస్తకాల కంపెనీలో, అద్దాల గది బయట కుర్చీలో, ఒళ్లో లాప్‌టాప్‌తో కూర్చోబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, వారమంతా ఆవిడ ఆ కుర్చీలోనే ఉంది. ఇక లోపలికి పంపించకపోతే పాఠకులు నన్ను ఊరుకునేలా లేరు.

కొత్తగా చేరినవాళ్ల కోసం జరిగింది చెప్పేస్తాను. ఆ ఇంటి పెద్దకోడలు, చిన్నకోడలు ఇద్దరూ పుస్తకాల అట్టలు తయారుచేసేవాళ్లే. ఉద్యోగాలు వేరు వేరు డిజైన్ షాపుల్లో. ఇల్లు ఒకటే, ఇంట్లో లాప్‌టాపూ ఒకటే. పుస్తకాల కంపెనీ కొత్త కథల వరసకి అట్టలు కావాలని షాపులన్నిటినీ అడిగింది. బయటికి పొక్కనివ్వొద్దని ఎవరి షాపువాళ్లు వాళ్లకి చెప్పారు కాబట్టి, ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు చెరొక అట్ట పంపారు. తీరా చూస్తే రెండింటి మీదా అక్షరాల వెనక పరుచుకున్న రంగుల సుడి ఒక్కటే. పోలికలున్నాయని కాదు, అచ్చంగా అదే. "మీలో ఒకరు దొంగతనం చేశారు. ఎవరో తేలకపోతే రెండు షాపుల మొహమూ మళ్లీ చూడను" అని కంపెనీలో అట్టలన్నీ ఖాయం చేసే మేడమ్ కబురుపెట్టింది. ఆవిడని అందరూ కవర్ల మేడమ్ అంటారు, మనమూ అలాగే అందాం.

ఆ కబురు వచ్చిన రోజు నుంచి ఇంట్లో ఇద్దరు కోడళ్లకీ మాటల్లేవు. వంటింట్లో ఒకరు పొయ్యి దగ్గరుంటే ఇంకొకరు గట్టు దగ్గరుండి, గరిటెలతోనే మాట్లాడుకునేవారు. ఠంగుమని ఒక చప్పుడు, దానికి జవాబుగా ఇంకో చప్పుడు. పెద్దకోడలికి ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నమాట నిజమే. అంతకంటే ఎక్కువగా ఆవిణ్ణి లోపల కోస్తున్నది మరొకటి. చిన్నది కాపురానికి వచ్చిన కొత్తలో మౌస్ పట్టుకోవడం దగ్గర్నుంచి పక్కన కూర్చుని నేర్పింది తనే. తోడికోడలని ఏనాడూ అనుకోలేదు, చెల్లెలనుకుంది. ఆ చెల్లెలు తన ఫోల్డర్‌లో చెయ్యి పెట్టిందంటే తట్టుకోలేకపోతోంది.

సరే, తలుపు తెరుచుకుంది. పదండి.

లోపల పొడుగాటి బల్ల, గోడ నిండా పాత పుస్తకాల అట్టలు, ఒక మూల పెద్ద తెర ఉన్న కంప్యూటర్. చిన్నకోడలు అప్పటికే వచ్చి కిటికీ పక్కన కూర్చుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. 'చేసిందంతా చేసి మళ్లీ ఏడుపొకటి' అని పళ్లు నూరుకుంటూ పెద్దకోడలు ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుంది.

కవర్ల మేడమ్‌కి ఊసుపోక కబుర్లు గిట్టవు. రెండు అట్టలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, కళ్లజోడు ముక్కు మీదికి దించుకుంది.

"నేనూ ఈ పనిలోనే తల నెరిసినదాన్నమ్మా. ఇలాంటి బ్యాక్‌గ్రౌండ్‌కి అందరూ మబ్బుల ఫిల్టర్‌తో మొదలుపెడతారు. అది నొక్కినప్పుడల్లా కొత్త మబ్బు పుడుతుంది. నొక్కిన చెయ్యే మళ్లీ నొక్కినా పాత మబ్బు తిరిగి రాదు. అలాంటిది మీ ఇద్దరికీ ఒకటే ఎలా వచ్చింది? ఎవరు చెప్తారు?"

"నేను మబ్బులతో మొదలుపెట్టను మేడమ్, ఫొటోతో మొదలుపెడతాను" అంది పెద్దకోడలు.

"నేనూ ఫొటోతోనే" అంది చిన్నకోడలు, గొంతు సరిచేసుకుంటూ.

"ఏం ఫొటో?"

"దుప్పటి" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చాలా రోజుల తర్వాత చూసుకోవడం అదే. మళ్లీ ఇద్దరూ చూపులు తిప్పేసుకున్నారనుకోండి.

"చూశారా మేడమ్!" అని పెద్దకోడలు అందుకుంది. ఇన్నాళ్లూ బిగబట్టుకున్నదంతా కట్ట తెగినట్టు బయటికి వచ్చింది. "మొహాలున్న ఫొటో సుడికి పనికిరాదే, ముక్కులూ చెవులూ సాగిపోయి దయ్యంలా తయారవుతుంది, దుప్పట్లో గోడలో అయితే రంగు పెద్ద పెద్ద ముక్కలుగా ఉండి చక్కగా తిరుగుతుందీ అని దీనికి చెప్పింది నేను! నేర్పిన పాపానికి నా బొమ్మే ఎత్తుకుపోయింది."

"నేనెత్తుకుపోలేదు!" చిన్నకోడలు లేచి నిలబడింది. "నేనే చేశాను. నా చేత్తో చేశాను. నువ్వే నా ఫోల్డర్ చూసి ఉంటావు. నీకంటే బాగా వచ్చిందని..."

"నా కంటేనా? నీకు పొరకీ పొరకీ తేడా చెప్పిందెవరే?"

"కూర్చోండి ఇద్దరూ" అంది మేడమ్. గొంతు పెంచలేదు. పెంచకుండానే ఇద్దరూ కూర్చున్నారు. "ఆ ఫొటో ఉందా?"

లాప్‌టాప్‌లో ఉంది. ఇంట్లోవాళ్లందరి ఫోన్ల ఫొటోలూ వాటంతట అవే వచ్చిపడే ఒక గంప లాంటి ఫోల్డర్ ఉంది, అందులోది. మేడమ్ దాన్ని తన కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంది. "ఇదిగో ఫొటో. ఇది నా కంప్యూటర్, ఇందులో మీ ఇద్దరి సామానూ ఏదీ లేదు. నా కళ్లముందు మొదటినుంచీ చేసి చూపించండి. చేసినవాళ్లకి చెయ్యడం వస్తుంది, ఎత్తుకొచ్చినవాళ్లకి రాదు. పెద్దమ్మాయ్, ముందు నువ్వు రా."

పెద్దకోడలికి ప్రాణం లేచొచ్చింది. ఇంతకంటే ఏం కావాలి? కుర్చీ దగ్గరికి లాక్కుని, ఫొటో తెరిచింది. ఎండలో ఆరేసిన పసుపు దుప్పటి, దాని వెనక నీలం దుప్పటి. ముందు ఫొటోని మధ్యలోంచి అంచులకి లాగినట్టు మసక చేసింది. పసుపూ నీలమూ గీతలు గీతలుగా సాగాయి. మళ్లీ అదే ఫిల్టర్, మళ్లీ అదే. గరుకుగా ఉన్న గీతలు పట్టు దారాల్లా నునుపుతేలాయి. దాన్ని కుడివైపుకి సుడి తిప్పింది. ఆ పొరకి నకలు తీసి, పైదాన్ని ఎడమవైపుకి తిప్పింది. రెండు పొరల్లో ఏ చోట ఏది లేత రంగైతే అదే కనబడేలా కలిపింది. తెర మీద పేద్ద పువ్వు రెక్కలు విప్పుకున్నట్టయింది. చివరికి రంగులు మార్చే మీట జరిపి ఆకుపచ్చ వైపుకి మళ్లించి, వెనక్కి వాలింది.

"అదీ సంగతి" అంది చిన్నకోడలి వైపు చూడకుండానే.

మేడమ్ మాత్రం తెరనీ అట్టనీ మార్చి మార్చి చూసింది. చూస్తూనే ఉంది. "బాగానే ఉంది. కానీ ఇది అది కాదమ్మా."

పెద్దకోడలు కుర్చీ ముందుకి జరుపుకుంది. వంగి చూసింది. నిజమే. రెక్కల వంపు తేడాగా ఉంది, ఆకుపచ్చ కాస్త ముదిరింది. అక్కచెల్లెళ్ల పోలికే తప్ప కవలలు కారు. మళ్లీ తిప్పింది. ఈసారి వంపు ఎక్కువైంది. ఇంకోసారి తిప్పితే తక్కువైంది. ఎంత తిప్పానో గుర్తులేదు! తన బొమ్మ తనకే రావడం లేదు.

"అవే మేడమ్, అంకెలు కొంచెం అటూ ఇటూ..." అంది. తన మాట తనకే దొంగ మాటలా వినిపించింది.

"సరేలే. చిన్నమ్మాయ్, నువ్వు రా."

చిన్నకోడలు వచ్చి కూర్చుంది. ఆ కూర్చోవడంలో ఎంత ధీమా అంటే, పెద్దకోడలికి ఒళ్లు మండిపోయింది. చిన్నది ఫొటో తెరిచింది. ఫిల్టర్ల జోలికి పోనేలేదు. తెర కుడిపక్క రికార్డు చేసిన పనుల వరస ఉంటుంది, అది తెరిచింది. పైనుంచి కింది దాకా చూసింది. కింది నుంచి పై దాకా చూసింది. మూసి మళ్లీ తెరిచింది.

"మేడమ్, మీ కంప్యూటర్‌లో ఆ బటన్ లేదేంటి?"

"ఏ బటన్?"

"సుడి బటన్ మేడమ్. సాఫ్ట్‌వేర్‌తో పాటే వస్తుంది కదా. మీది పాతదా?"

"మొన్ననే కొత్తది వేయించాను. అలాంటి బటనేదీ ఇందులో రాదు."

"రాకపోవడమేంటి మేడమ్, అందరికీ ఉంటుంది! ఫొటో తెరిచి అది నొక్కితే చాలు, చకచకా అన్నీ అదే చేసుకుపోతుంది. మా లాప్‌టాప్‌లో పైనే ఉంటుంది, 'మామూలు సుడి' అని..."

పెద్దకోడలి చేతిలోని మంచినీళ్ల గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

"మామూలు సుడా?" అంది. "ఒసేయ్, అది నేను రికార్డు చేసిందే!"

ఈ పని తెలియనివాళ్లకి ఒక్క మాట. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో మనం వరసగా చేసే పనులన్నిటినీ ఒకసారి రికార్డు చేసి, దానికో పేరు పెట్టుకోవచ్చు. ఆ తర్వాత ఒక్క నొక్కు నొక్కితే ఎంత తిప్పాలో, ఎంత మసక చెయ్యాలో అంతా అంకె తప్పకుండా అదే చేసేస్తుంది. చిన్నది ఆ ఇంటికి కోడలిగా రాకముందెప్పుడో పెద్దకోడలు అలా ఒకటి చేసి పెట్టుకుంది. నొక్కడం అలవాటైపోయి, అందులో ఏ అంకెలున్నాయో ఎప్పుడో మర్చిపోయింది. ఈ అట్టకీ అదే నొక్కింది. చేత్తో చేసినా బటన్‌తో చేసినా తన పనే కదా అనుకుంది గానీ, ఆ బటన్‌కి ఇంట్లో ఇంకో వేలు కూడా ఉందని ఆవిడకేం తెలుసు?

లాప్‌టాప్ తెరిచారు. దుప్పటి ఫొటో తెరిచి, 'మామూలు సుడి' నొక్కారు. గీతలు సాగాయి, తిరిగాయి, కలిశాయి, ఆకుపచ్చకి మళ్లాయి. మేడమ్ దాన్నీ, ఇద్దరూ అట్టలకి వాడిన బొమ్మల్నీ తన కంప్యూటర్‌లోకి తీసుకుని, కొత్తదాన్ని చిన్నకోడలి బొమ్మ మీద పొరగా వేసి, రెండింటికీ తేడా ఉన్నచోటే వెలుగు కనబడే పద్ధతిలో పెట్టింది. తెరంతా నల్లగా అయిపోయింది. ఒక్క చుక్క లేదు. పెద్దకోడలి బొమ్మతోనూ అలాగే చేసింది. మళ్లీ నలుపే. అంత నల్లటి తెర చూసి అంతగా సంతోషించిన ఆడవాళ్లు ఇంకెక్కడా ఉండరు.

"అంటే ఎవరూ ఎత్తుకుపోలేదన్నమాట" అంది మేడమ్, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ.

పెద్దకోడలి గుండెల మీంచి బండ దిగిపోయింది. దిగాక గానీ అది ఎంత బరువో ఆవిడకి తెలియలేదు. నవ్వాలో ఏడవాలో తోచక, ముందు అలవాటు ప్రకారం కసురుకుంది.

"పేరు తెలుగులో ఉంది కదే! మిగతా బటన్లన్నీ ఇంగ్లీషులో ఉంటే అదొక్కటే తెలుగులో ఎందుకుందా అని ఆలోచించొద్దూ?"

"ఆలోచించాను అక్కా" అంది చిన్నకోడలు, తల వంచుకుని. "ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీలో మనవాళ్లెవరో పెద్ద ఉద్యోగంలో ఉండి పెట్టించారేమో అనుకున్నాను. గర్వంగా కూడా అనిపించింది."

కవర్ల మేడమ్ పకపకా నవ్వింది. ఆవిడ నవ్వగా ఆ ఆఫీసులో ఎవరూ చూసి ఉండరు. అద్దం అవతల నుంచి ఇద్దరు ముగ్గురు తలలెత్తి చూశారు కూడా.

"మరి 'నా చేత్తో చేశాను' అన్నావు?" అంది పెద్దకోడలు, ఇంకా వదలకుండా.

"నొక్కింది నా చెయ్యే కదక్కా!" అంటూనే చిన్నది బావురుమంది. "నన్ను దొంగ అనుకున్నావు కదూ?"

"అనుకున్నానే. నువ్వు?"

"నేనూ నిన్ను అనుకున్నా."

"అయితే చెల్లుకు చెల్లు. ఇటు రా, మొహం తుడుచుకో" అని పెద్దకోడలు దగ్గరికి తీసుకుంది. తన కళ్లు తుడుచుకోవడానికి మాత్రం చిన్నదాని కొంగే వాడింది. వారం రోజులుగా గరిటెల చప్పుడు విని విని ఉన్న మనకి కూడా హమ్మయ్య అనిపించే ఘడియ అది.

ఇక్కడితో కథ సుఖాంతం చేసి లేచిపోవచ్చు. కానీ కవర్ల మేడమ్ లేవలేదు. ఆవిడ ఇప్పుడు సుడిని చూడటం లేదు, అసలు ఫొటోని పెద్దది చేసి చూస్తోంది.

"అట్ట మీద ఇద్దరి పేర్లూ వేస్తాను. షాపులతో నేను మాట్లాడతాను, ఆ భయం పెట్టుకోకండి. కానీ అట్ట లోపల వెయ్యడానికి నాకు ఈ ఫొటో కూడా కావాలి. మొదటి పేజీ తిప్పగానే ఇదుండాలి. ఎవరు తీశారిది?"

"ఇది" అని పెద్దకోడలు చిన్నదాన్ని చూపించింది. "అక్క" అని చిన్నది అప్పటికే వేలు చూపిస్తోంది.

"నువ్వు తీయలేదూ?"

"నేనెక్కడ తీశాను? నువ్వు తీశావనుకున్నా!"

"బాగుంది సంబడం" అంది మేడమ్. "తీసినవాళ్లు సరేనంటే తప్ప ఫొటో గానీ, దాంతో చేసిన సుడి గానీ నేను అచ్చుకి పంపలేను. ఇప్పుడే కదా దొంగతనం మాట తప్పించుకున్నారు, మళ్లీ తగిలించుకుంటారా? కనుక్కోండి."

ఇద్దరూ తెర మీదికి వంగారు. ఇన్నాళ్లూ వాళ్లు ఆ ఫొటోలో రంగులే చూశారు గానీ ఫొటోని చూడలేదు. పసుపు దుప్పటికీ నీలం దుప్పటికీ మధ్య సందులో ఒక మనిషి ఉంది. చేతులు పైకెత్తి తీగకి క్లిప్పు పెడుతోంది. పళ్ల మధ్య ఇంకో క్లిప్పు. జుట్టు ముడి సగం జారి మెడ మీద పడింది. ఎండ ఒక చెంప మీద పడి మెరుస్తోంది. ఎవరూ తనని చూడటం లేదనుకున్నప్పుడు మనుషులు ఎంత అందంగా ఉంటారో అంత అందంగా ఉంది.

"అత్తయ్య!" అంది చిన్నకోడలు.

పెరట్లో తీగ దగ్గరున్న అత్తగారిని పైనుంచి తీశారు. ఫొటో మూలన, మసగ్గా, ఆకుపచ్చ రంగు ఊడిపోయిన కిటికీ చువ్వ ఒకటి కనబడుతోంది. పెద్దకోడలు ఆ చువ్వని చూసింది. చూసి, కుర్చీలో మెల్లగా వెనక్కి జరిగింది. ఆ ఇంట్లో పెరటి వైపు చువ్వల కిటికీ ఉన్నది మేడ మీద ఒక్క గదికే. ఆ గది మామగారిది.

ఆయన సంగతి ఇన్ని వారాలుగా మీకు చెప్పలేదంటే, ఆ ఇంట్లో ఆయన సంగతి ఎవరూ ఎత్తరు కాబట్టి. అత్తగారికీ ఆయనకీ మాటల్లేవు. ఈ కోడళ్లు ఇద్దరూ ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికే లేవు. ఎప్పుడో నలుగురు వచ్చిన రోజున అత్తగారు పాట పాడుతుంటే, అందరి ముందూ ఆయన "ఇక చాల్లే" అన్నాడట. అంతే, ఆవిడ ఆ రోజు పాట ఆపేసింది, మాట కూడా ఆపేసింది. ఆయనకి అభిమానం అడ్డొచ్చింది, మెట్లెక్కి పై గదిలో చేరాడు. అప్పటినుంచీ "మీ అత్తకి చెప్పండి, కాఫీ చల్లారిందని" అని ఆయన, "మీ మామగారికి చెప్పండి, వేడిగా ఉన్నప్పుడు తాగమని" అని ఆవిడ. మధ్యలో కోడళ్లు మెట్లెక్కలేక, దిగలేక చావు. ఆయన ఆవిడ మొహం చూడడని ఇంట్లో అందరి నమ్మకం. ఆయన ఫోన్‌లో తీసిన ఫొటో కూడా అందరి ఫొటోల్లోకే వచ్చి పడుతుందని మాత్రం పాపం ఆయనకి తెలియదు.

"ఇంటికి ఫోన్ చెయ్యండి" అంది మేడమ్. ఆవిడకి ఇదంతా తెలియదు కదా.

మామగారికి చేసే ధైర్యం లేక, ముందు ఫొటోలో ఉన్న మనిషిని అడుగుదామని పెద్దకోడలు అత్తగారికి ఫొటో పంపించి, ఫోన్ కలిపి బల్ల మీద పెట్టింది. అత్తగారి గొంతు గదంతా వినిపించింది.

"ఏమైందే? తేలిందా? మాట్లాడుకున్నారా ఇద్దరూ?"

"మాట్లాడుకున్నాం అత్తయ్యా. ఎవరి తప్పూ లేదు, ఇంటికొచ్చి చెప్తాం."

"హమ్మయ్య! ఆ గరిటెలు సొట్టలు పడిపోయాయే మీ మూలంగా."

"ఒక ఫొటో పంపించాను, చూడండి."

అవతల కళ్లజోడు వెతుక్కున్న చప్పుడైంది. "ఎవరే ఈవిడ?" అంది అత్తగారు. ఆ వెంటనే, "అయ్యో, నేనే! నేను ఇలా ఉంటానుటే?" అంది. ఆ గొంతులో సిగ్గు ఉంది. కోడళ్లు ఆవిడ గొంతులో అది ఎప్పుడూ విని ఉండలేదు. "ఎంత బాగా తీశారే! మీ ఇద్దరిలో ఎవరు?"

పెద్దకోడలు ఫోన్‌ని చిన్నదాని వైపు జరిపింది. ఆ ఇంట్లో మామగారి మాట అత్తగారితో ఎత్తడమంటే మాటలా? చిన్నకోడలే ఫోన్ మీదికి వంగింది.

"మేం కాదు అత్తయ్యా. ఫొటో మూలన చూడండి. కిటికీ చువ్వ కనబడుతుంది."

ఫోన్ పెట్టేసిందేమోనని పెద్దకోడలు తెర చూసింది. లేదు, లైన్‌లోనే ఉంది. ఊపిరి వినబడుతోంది. కాసేపటికి చెప్పుల చప్పుడు మొదలైంది. టపటపమని నాలుగడుగులు వేసి ఆగింది. మళ్లీ మొదలైంది, ఈసారి బరువుగా, మెట్టు మెట్టుకీ ఆగుతూ.

"అత్తయ్యా?" అంది పెద్దకోడలు. చేతిలో ఫోన్ ఉన్న సంగతే ఆవిడ మర్చిపోయినట్టుంది.

చిన్నకోడలు పెద్దకోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏం జరుగుతోందో తెలియకపోయినా, కవర్ల మేడమ్ కూడా ఫోన్ వైపు చెవి వంచింది.

చెప్పులు ఆగాయి. తలుపు మీద వేళ్లతో కొట్టిన చప్పుడు వినిపించింది, మెల్లగా, ఒక్కసారి.

"ఏమండీ..." అంది అత్తగారు.